దున్నని సాగులో నేల ఆమ్లత్వ సవరణ

దున్నని సాగులో నేల ఆమ్లత్వ సవరణ అనగా, నాగలి పెట్టకుండా పంటలు పండించే పొలాలలో నేల ఆమ్లగుణాన్ని సున్నపు పదార్థాలతో తగ్గించే ప్రక్రియ. ఇందుకు చిరకాలంగా వాడుతున్నది సున్నపురాయి పొడి. దానికి బదులుగా ఉక్కు కర్మాగారపు చిట్టెము (స్లాగ్), కాగితపు మిల్లుల సున్నపు మడ్డి, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, చక్కెర మిల్లుల ప్రెస్‌మడ్, ఎరువుల కర్మాగారాల ఫాస్ఫోజిప్సం వంటి పారిశ్రామిక ఉపఉత్పత్తులను కూడా వాడవచ్చును. ఇవి చవకగా, కొన్నిచోట్ల ఉచితంగా దొరుకుతాయి. అయితే వీటిలో కొన్ని ఆమ్లత్వాన్ని నిజంగా తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. కొన్నింటి వెంట పొలంలోకి అనవసరమైన లోహాలు కూడా వస్తాయి. దున్నే పొలంలో ఈ తేడాలు కొంతవరకు మట్టిలో కలిసిపోతాయి కాని, దున్నని పొలంలో వేసినది వేసినచోటనే పై పొరలో ఉండిపోతుంది. అందువలన ఎంపికలో జరిగే పొరపాటుకు ఇక్కడ మూల్యం ఎక్కువ.

హైదరాబాదుకు దక్షిణాన బెంగళూరు రహదారిపై ఉన్న గగన్‌పహాడ్, శంషాబాద్ పరిసరాలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి తగిన చోటు. ఎర్రని చల్క నేలలు, పారిశ్రామిక వాడలు, వ్యవసాయ విశ్వవిద్యాలయం అన్నీ ఇక్కడ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కలవు.

ఉదజని సూచిక

నేల ఆమ్లమా, క్షారమా అన్నది ఉదజని సూచిక (పి.హెచ్.) తెలుపుతుంది. ఇది 7 ఉంటే తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఈ కొలత సంవర్గమాన పద్ధతిలో ఉంటుంది కనుక 6 నుంచి 5కు పడితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్లు లెక్క. విద్యార్థులు తరచుగా మరచిపోయే అంశం ఇది.

చాలా పంటలకు 6 నుంచి 7.5 వరకు అనుకూలం. సూచిక 5.5 కంటే తగ్గినపుడు మట్టి ఖనిజాలలో బందీగా ఉన్న అల్యూమినియం కరిగి నేల నీటిలోకి వస్తుంది. అది వేరు కొనలను మొద్దుబార్చుతుంది. వేరు లోతుకు పోలేదు కనుక వానలు వారం రోజులు వెనుకపడినా పైరు వాడిపోతుంది. రైతు కంటికి అది నీటి ఎద్దడిగా కనిపిస్తుంది గాని, అసలు కారణం అడుగున ఉంటుంది. ఇదే స్థితిలో మాంగనీసు మోతాదు మించుతుంది, భాస్వరం ఇనుము, అల్యూమినియంలతో కలిసి మొక్కకు అందకుండా పోతుంది, కంది, వేరుశనగ, పెసర వంటి పప్పుజాతి పంటల వేరు బుడిపెలలో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా మందగిస్తుంది.

భారతదేశంలో ఆమ్ల నేలల విస్తీర్ణం సుమారు 4.9 కోట్ల హెక్టార్లని చాలాకాలంగా ఉటంకించే అంచనా. అందులో దాదాపు సగం 5.5 కంటే తక్కువ సూచిక కలవి. ఈశాన్య రాష్ట్రాలు, జార్ఖండ్, ఒడిశా, కేరళ ఇందులో ప్రధానమైనవి.

ఆమ్లత్వం పెరిగే తీరు

అధిక వర్షపాతం సున్నము, మెగ్నీషియం వంటి క్షార మూలకాలను కడిగివేయడం సహజ కారణం. విశాఖ మన్యంలోని అరకు, పాడేరు, చింతపల్లి కొండ నేలలు ఈ విధంగా ఆమ్లగుణం పొందినవే. మనిషి వలన వచ్చే కారణాలలో ముఖ్యమైనది నత్రజని ఎరువు. యూరియా నేలలో మొదట అమ్మోనియంగా మారుతుంది. దానిని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. 100 కిలోల యూరియా కలిగించే ఆమ్లత్వాన్ని విరచడానికి 80 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు, 100 కిలోల అమ్మోనియం సల్ఫేటుకు 110 కిలోలు కావాలని వ్యవసాయ పాఠ్యపుస్తకాలు లెక్క చెబుతాయి.

ఉదాహరణకు హెక్టారు మొక్కజొన్నకు 200 కిలోల నత్రజనిని పూర్తిగా యూరియా రూపంలో వేస్తే, అది సుమారు 435 కిలోల యూరియా. దానికి సరిపడే సున్నం దాదాపు 350 కిలోలు. ఇది కాగితం మీది లెక్క. నైట్రేటును పంట పూర్తిగా పీల్చుకుంటే వేర్లు క్షారగుణం గల అయానులను వదలి కొంత ఆమ్లాన్ని తామే విరుస్తాయి. నైట్రేటు వాన నీటితో కిందికి కొట్టుకుపోయినపుడే ఆమ్లం పూర్తిగా మిగులుతుంది. కనుక మోతాదు మించిన యూరియా రెండు విధాల నష్టం, ఎరువు పోతుంది, ఆమ్లం ఉంటుంది. గింజ, చొప్ప రెండింటినీ పొలం నుంచి తరలించడం వలన కూడా క్షార మూలకాలు తరిగిపోతాయి.

దున్నని పొలంలో తేడా

దున్నని సాగు లేదా జీరో టిల్లేజి అనగా గత పంట మోళ్ళను, చెత్తను అలాగే ఉంచి, విత్తనం పడే గాడిని మాత్రమే తెరచి విత్తడం. 1972లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో రోలాండియా అనే చోట హెర్బర్ట్ బార్ట్జ్ అనే రైతు, వర్షానికి కొట్టుకుపోతున్న తన పొలాన్ని కాపాడుకోవడానికి ఈ పద్ధతి ప్రారంభించాడు. ఆ దేశంలో ఇది కోట్ల హెక్టార్లకు విస్తరించింది. అక్కడి నేలలు స్వభావరీత్యా తీవ్ర ఆమ్ల నేలలు కావడంతో దున్నకుండా సున్నం వేయడంపై లోతైన పరిశోధన ఆ దేశంలోనే జరిగింది.

తెలుగువారికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు ముందే తడి నేలలో మినుము, పెసర విత్తనాలు చల్లడం తరతరాల అలవాటు. బంగారుతీగ కలుపు, పల్లాకు తెగులు మినుమును దెబ్బతీసిన తరువాత 2000 దశకంలో గుంటూరు, కృష్ణా జిల్లాల మాగాణులలో జీరో టిల్లేజి మొక్కజొన్న విస్తరించింది. తాడుకు గుర్తులు కట్టి, కర్రతో రంధ్రం చేసి గింజ వేసే దృశ్యం అక్కడ సాధారణం.

దున్నే పొలంలో ఎరువు కలిగించిన ఆమ్లం 15 సెంటీమీటర్ల మట్టిలో కలిసి పలచబడుతుంది. హెక్టారులో ఆ మట్టి బరువు సుమారు 20 లక్షల కిలోలు. దున్నని పొలంలో అదే ఆమ్లం పై 5 సెంటీమీటర్లలో, అనగా మూడవ వంతు మట్టిలో చేరుతుంది. కాబట్టి పై పొర వేగంగా ఆమ్లమవుతుంది. పైన వేసిన సున్నానిదీ ఇదే కథ. కాల్షియం కార్బొనేటు లీటరు నీటిలో గ్రాములో నూరవ వంతు ప్రాంతంలో మాత్రమే కరుగుతుంది. అందువలన దాని ప్రభావం కిందికి దిగడం చాలా నెమ్మది, ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు అన్న స్థాయి. వానపాముల బొరియలు, కుళ్ళిన పాత వేర్ల దారులు దీనికి కొంత తోడ్పడతాయి. ఈ దారులను నాగలి తెంచదు కాబట్టి, దున్నకపోవడం ఇక్కడ రైతుకు కలిసివచ్చే అంశం.

మట్టి నమూనా తీయడంలోనూ ఈ తేడా పాటించవలెను. సాధారణంగా ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి నమూనా సేకరిస్తారు. పై పొర సూచిక 5, అడుగు పొర 6.5 ఉన్న పొలంలో అలా తీసిన నమూనా 6 ప్రాంతపు అంకె చూపి, సమస్య లేదనిపిస్తుంది. దున్నని పొలంలో 0–5 సెంటీమీటర్లు ఒక నమూనాగా, 5–15 సెంటీమీటర్లు మరొక నమూనాగా విడివిడిగా తీయడం సరైన పద్ధతి. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రం పథకంలో పరీక్షించే 12 అంశాలలో ఉదజని సూచిక ఒకటి. అయితే ఆ అంకె ఏ లోతు మట్టిదన్నది రైతు గమనించుకోవలెను.

గగన్‌పహాడ్ పరిసరాల నేలలు

ఈ ప్రాంతమంతా గ్రానైటు, నైస్ రాళ్ళు. గుండ్ల మధ్య ఏర్పడిన నేల ఇసుకపాలు ఎక్కువగల ఎర్ర చల్క. ఇందులో బంకమట్టి, సేంద్రియ పదార్థం తక్కువ. ఉదజని సూచిక సాధారణంగా స్వల్ప ఆమ్లం నుంచి తటస్థం వరకు ఉంటుంది. పల్లపు ప్రాంతాలలో, బోరు నీటి పారకం గల మళ్ళలో క్షారం వైపు కూడా మొగ్గుతుంది. కాబట్టి ఇక్కడి ప్రతి పొలానికీ సున్నం కావాలని చెప్పడం తప్పు. అయితే చల్క నేలకు మార్పును తట్టుకునే శక్తి (బఫరు శక్తి) తక్కువ. నల్లరేగడిలో ఏళ్ళ తరబడి యూరియా వేసినా సూచిక కదలదు. చల్కలో కొన్ని సంవత్సరాలలోనే పడిపోవచ్చును. అదే కారణంగా కొద్ది సున్నం ఎక్కువైనా సూచిక ఒక్కసారిగా పైకి పోయి జింకు, ఇనుము, బోరాన్ లోపాలు తలెత్తుతాయి.

దున్నని సాగుకు ఈ నేలలు ఎంతవరకు అనువైనవి అన్నది వేరే ప్రశ్న. హైదరాబాదు సంతోష్‌నగర్‌లో 1985లో ఏర్పడిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) తన హయత్‌నగర్ క్షేత్రంలో జొన్న, ఆముదం పంటల మార్పిడితో దీర్ఘకాలం పరిశీలించింది. ఎర్ర నేల ఎండితే ఇటుకలా బిగుసుకుపోవడం, పైన పెచ్చు కట్టడం వలన దుక్కి తగ్గించిన మళ్ళలో దిగుబడి మామూలు దుక్కి కంటే తక్కువగా నమోదైంది. చొప్ప, గిరిపుష్పం (గ్లైరిసిడియా) ఆకు వంటి కప్పుదల తగినంత లేకుండా నాగలి మానడం చల్కలో లాభించదని దీనివలన తెలుస్తుంది.

మొత్తం మీద తెలుగు రాష్ట్రాలలో ఒక విచిత్రమైన పరిస్థితి కనిపిస్తుంది. దున్నని సాగు బాగా పాదుకొన్న డెల్టా నేలలు నల్లని బంక నేలలు, వాటిలో ఆమ్లత్వం సమస్య కాదు. ఆమ్లత్వం గల మన్యపు నేలలలో దున్నని సాగు అంతగా లేదు. ఈ రెండూ కలిసే అవకాశం ఉత్తరాంధ్రలో జీరో టిల్లేజి మొక్కజొన్న వేసే తేలిక నేలలలోను, జహీరాబాదు వంటి చోట్ల గల లేటరైటు నేలలలోను, తెలంగాణ చల్కలలోను ఉంది.

ఏ ఉపఉత్పత్తి ఏమి చేస్తుంది

చిట్టెము. ఇనుములోని మలినాలను తొలగించడానికి కొలిమిలో సున్నం వేస్తారు. ఆ సున్నం మలినాలతో కలిసి కరిగి పైకి తేలేదే చిట్టెము. 1878 ప్రాంతంలో ఇంగ్లండులో థామస్, గిల్‌క్రిస్ట్‌లు రూపొందించిన ఉక్కు తయారీ పద్ధతిలో వచ్చిన భాస్వరపు చిట్టెమును ఐరోపా రైతులు కొన్ని దశాబ్దాలపాటు ఎరువుగా కొన్నారు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటి చోట్ల రెండు రకాల చిట్టెము వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేసు చిట్టెము సిమెంటు తయారీకి పోతుంది. ఉక్కు దశలో వచ్చే ఎల్.డి. చిట్టెము అంత సులభంగా అమ్ముడుపోదు. దానిలో సున్నం 40 నుంచి 50 శాతం వరకు, ఎక్కువగా సిలికేట్ల రూపంలో ఉంటుంది. స్వచ్ఛమైన కాల్షియం సిలికేటు తటస్థీకరణ శక్తి, కాల్షియం కార్బొనేటును 100 అనుకుంటే 86. సిలికేటు రూపం కార్బొనేటు కంటే కొంత తేలికగా కరుగుతుంది కనుక దున్నని పొలంలో ఇది ఒక సుగుణం. వరి, చెరకు పంటలకు సిలికా కూడా అందుతుంది. లోపం ఏమంటే, ఇది రాయి. మెత్తగా మరపట్టనిదే పనిచేయదు, మరపట్టడమే ఖర్చు. క్రోమియం, వెనేడియం ఎంత ఉన్నాయో కూడా చూడవలెను.

కాగితపు మిల్లు సున్నపు మడ్డి. కలపను ఉడికించిన రసాయనాన్ని తిరిగి రాబట్టే క్రమంలో సోడియం కార్బొనేటును సున్నంతో చర్య జరిపించినపుడు కాల్షియం కార్బొనేటు మడ్డిగా మిగులుతుంది. రాజమహేంద్రవరం, భద్రాచలం దగ్గరి సారపాక, కాగజ్‌నగర్ తెలుగు ప్రాంతంలో పేరున్న కాగితపు కేంద్రాలు. చాలా మిల్లులు ఈ మడ్డిని బట్టీలో కాల్చి మళ్ళీ సున్నంగా వాడుకుంటాయి. మిగిలినది సిమెంటు పరిశ్రమకు గాని, నేల సవరణకు గాని పనికివస్తుంది. ఇది మైదాపిండి వలె మెత్తగా ఉండడం గొప్ప సౌకర్యం. తడి ఎక్కువ. కడగడం సరిగా జరగకపోతే సోడియం మిగిలి ఉంటుంది, అది నేల కట్టుబడిని చెడగొడుతుంది.

థర్మల్ బూడిద. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం వంటి విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే బూడిదను పొలాలకు వాడవచ్చునన్న ప్రచారం విస్తారంగా ఉంది. మన బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం వరకు ఉండడం వలన ఇది లభించే పరిమాణం కూడా అపారం. అయితే ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా, అల్యూమినా. సున్నం సాధారణంగా 5 శాతం లోపే. తమిళనాడులోని నైవేలీ లిగ్నైటు బూడిదలో సున్నం ఎక్కువ కాని, గోదావరి లోయ బొగ్గు బూడిద ఆ కోవలోనిది కాదు. కనుక ఆమ్లత్వాన్ని విరచాలంటే టన్నులకు టన్నులు పోయవలసివస్తుంది, దానితోపాటు బోరాన్, ఆర్సెనిక్, సెలీనియం కూడా చేరతాయి. బూడిద వాడకంపై కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 1999లో మొదటి ప్రకటన, 2021 డిసెంబరులో సమగ్రమైన కొత్త ప్రకటన వెలువరించింది. బూడిదను వదిలించుకోవలసిన అవసరం విద్యుత్ కేంద్రానిది. సున్నం అవసరం రైతుది. ఈ రెండింటినీ ఒకటిగా చూడరాదు.

ప్రెస్‌మడ్. చెరకు రసాన్ని శుద్ధి చేసే పద్ధతిని బట్టి దీని గుణం మారుతుంది. కార్బొనేషన్ పద్ధతి మిల్లుల ప్రెస్‌మడ్‌లో సున్నం ఎక్కువ, ఆమ్ల నేలలకు అనువు. సల్ఫిటేషన్ పద్ధతి మిల్లులది చౌడు నేలలకు మేలు. మన దేశంలో రెండవ రకమే ఎక్కువ. అడగకుండా తెచ్చుకుంటే కావలసినదానికి బదులు మరొకటి రావచ్చును.

ఇవికాక తాండూరు బండ పాలిష్ చేసే యూనిట్ల వద్ద మిగిలే సున్నపురాతి బురద కూడా పరిశీలించదగినదే. ఇది గగన్‌పహాడ్ వైపు నుంచి చూస్తే దగ్గరి వనరు. గ్రానైటు పాలిష్ బురద చూడడానికి అలాగే ఉన్నా అందులో సున్నపు గుణం లేదు. వెల్డింగుకు వాడే ఎసిటిలీన్ వాయువు తయారీలో కార్బైడు నుంచి మిగిలే తెల్లని బురద అసలైన తడి సున్నం. తీక్షణమైనది, చర్మాన్ని కాలుస్తుంది, మొలకకు తగిలితే మాడ్చుతుంది.

జిప్సం విషయంలో గందరగోళం

జిప్సం సున్నం కాదు. రెండింటిలోనూ కాల్షియం ఉండడం వలన ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఆమ్లాన్ని విరిచేది కాల్షియం కాదు, దానికి జతగా ఉన్న కార్బొనేటు, హైడ్రాక్సైడు లేదా సిలికేటు. జిప్సంలో జతగా ఉన్నది సల్ఫేటు. దానికి ఆమ్లాన్ని విరిచే గుణం లేదు. కనుక జిప్సం వేసినంత మాత్రాన ఉదజని సూచిక చెప్పుకోదగినంత పెరగదు.

అయినా దున్నని సాగులో జిప్సానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. అది లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములు కరుగుతుంది, అనగా కార్బొనేటు కంటే నూరు రెట్లకు పైగా. వాన నీటితో కిందికి దిగి, నాగలి చేరని లోతులో వేర్లకు కాల్షియం అందిస్తుంది. సల్ఫేటు అల్యూమినియంతో జతకట్టి దాని విషగుణాన్ని తగ్గిస్తుంది. సూచిక మారకపోయినా వేరు లోతుకు పోగలుగుతుంది. బ్రెజిల్ రైతులు పైన సున్నం, తోడుగా జిప్సం వేయడానికి కారణం ఇదే. మోతాదు మించితే మెగ్నీషియం, పొటాష్ కూడా సల్ఫేటుతోపాటు అడుగుకు జారిపోతాయి. చల్క నేలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తెలుగు రైతు జిప్సాన్ని రెండు పనులకు ఎరుగును. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోలు వేయడం ఒకటి, చౌడు నేలల బాగుకు వాడడం రెండవది. చౌడు నేలలో ఉదజని సూచిక 8.5 దాటి ఉంటుంది. అక్కడ జిప్సం సోడియంను తొలగించి సూచికను తగ్గిస్తుంది. క్షార నేలలో సూచికను తగ్గించే పదార్థమే ఆమ్ల నేలలోనూ మేలు చేస్తుందనడం మొదట వింతగా తోచును గాని, రెండు చోట్లా అది చేసే పని ఒకటే, చెడు అయానును పక్కకు నెట్టి ఆ చోట కాల్షియంను నిలపడం. మొదటి సందర్భంలో ఆ చెడు అయాను సోడియం, రెండవదానిలో అల్యూమినియం.

రాతి ఫాస్ఫేటు నుంచి ఒక టన్ను ఫాస్ఫారిక్ ఆమ్లం తీస్తే సుమారు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం మిగులుతుంది. విశాఖపట్నంలో ఇటువంటి ఎరువుల పరిశ్రమ 1960వ దశకం చివరి నుంచి ఉంది. ఇందులో కొద్దిగా ఆమ్లం, ఫ్లోరిన్, స్వల్పంగా రేడియం ఉంటాయి కాబట్టి పరీక్షించినదే వాడవలెను.

వెల కట్టే లెక్క

ఉపఉత్పత్తిని టన్నుల లెక్కన కాక తటస్థీకరణ విలువ లెక్కన పోల్చవలెను. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు 100 అయితే డోలమైటు 109, తడి సున్నం 135, కాల్చిన సున్నం 179. దీనిని తడితోను, మెత్తదనంతోను సరిచూడాలి. ఎండబెట్టినపుడు 90 విలువ గల మడ్డిలో 40 శాతం నీరుంటే దాని అసలు విలువ 54. అనగా ఒక టన్ను కార్బొనేటుకు సమానం కావడానికి దాదాపు 1.85 టన్నుల మడ్డి మోయవలెను. సారపాక నుంచి శంషాబాద్‌కు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మడ్డి ఉచితమే కావచ్చు, లారీ కిరాయి నీటికి కూడా చెల్లించవలసిందే. ఇక మెత్తదనం సంగతి: పావు మిల్లీమీటరు జల్లెడలో దిగిన పొడి పూర్తిగా పనిచేస్తుంది, రెండున్నర మిల్లీమీటర్ల పలుకు ఏళ్ళ తరబడి రాయిగానే ఉంటుంది.

నిమ్మరసం పోస్తే నురగ వస్తుందా అని చూసే ఇంటి పరీక్ష కార్బొనేటు ఉన్నదని మాత్రమే చెబుతుంది. చిట్టెములోని సిలికేటు, కార్బైడు సున్నం ఆమ్లాన్ని విరిచినా నురగ రాదు. కాబట్టి నురగ లేదని పారవేయరాదు, ఉన్నదని నమ్మి వేయరాదు.

వేసే విధానం

ఎంత సున్నం కావాలన్నది ఉదజని సూచిక ఒక్కటే చెప్పలేదు. ఒకే సూచిక గల ఇసుక నేలకు, బంక నేలకు కావలసిన మోతాదులు వేరు. ఇందుకు ప్రయోగశాలలో షూమేకర్ బఫరు పద్ధతి వాడుతారు. గగన్‌పహాడ్ వాసులకు అందుబాటులో ఉన్న రాజేంద్రనగర్‌లో 1964 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయం నడుస్తున్నది. ఆంధ్ర ప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైన ఈ ప్రాంగణం 2014 నుంచి ప్రొఫెసర్ జయశంకర్ పేరున ఉంది.

ప్రయోగశాల ఇచ్చే మోతాదు 15 సెంటీమీటర్ల లోతు కలియదున్నే పొలానికి ఉద్దేశించినది. దానినంతా దున్నని పొలం పైన చల్లితే మొదటి కొన్ని సెంటీమీటర్లు క్షారమై, అడుగు ఎప్పటివలెనే ఉంటుంది. కాబట్టి మూడవ వంతు లేదా సగం చొప్పున, కొన్ని సంవత్సరాలకొకసారి విడతలుగా వేయడం మంచిది. జార్ఖండ్, ఒడిశా ప్రాంతాలలో హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్ళ మెత్తని సున్నాన్ని ప్రతి పంటకు విత్తనపు సాళ్ళలో వేసే పద్ధతి సిఫారసులో ఉంది. విత్తనపు గాడి మాత్రమే తెరిచే దున్నని సాగుకు ఇది చక్కగా అతుకుతుంది. పొలం తీవ్ర ఆమ్లమైతే దున్నడం మానే ముందే ఒకసారి పూర్తి మోతాదు వేసి కలియదున్ని, ఆ తరువాత నాగలి మానడం ఉత్తమం. ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది.

విత్తడానికి మూడు, నాలుగు వారాల ముందు, తొలకరికి ముందటి ఎండాకాలంలో సున్నం వేయవలెను. యూరియాతో గాని, డి.ఎ.పి.తో గాని కలిపి వేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. సూపర్ ఫాస్ఫేటుతో కలిపితే భాస్వరం గట్టిపడుతుంది. వీటి మధ్య వ్యవధి తప్పనిసరి.

లోహాల ప్రమాదం

గగన్‌పహాడ్ పక్కనే ఉన్న కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం సహజ స్థాయిని మించి ఉన్నట్లు అందులో తేలింది. ఇవి సున్నపు సవరణ వలన వచ్చినవి కావు, అశ్రద్ధగా పారబోసిన పారిశ్రామిక వ్యర్థాల ఫలితం. కాని పారిశ్రామిక వాడ చుట్టుపక్కల గ్రామాలలో "పొలానికి మంచిది, ఊరికే తోలిస్తాము" అని వచ్చే ట్రాక్టరు మట్టిని ఎందుకు అనుమానించవలెనో ఇది తెలుపుతుంది. చెరువు పూడిక మట్టి మెట్ట నేలలకు ఎంతో మేలు చేసేదే. అయినా కర్మాగారాల నీరు చేరిన చెరువు పూడికకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

సీసం, కాడ్మియం వంటి లోహాలు ఆమ్ల నేలలో ఎక్కువగా కరుగుతాయి, సున్నం వేస్తే అణగి ఉంటాయి. ఆర్సెనిక్, క్రోమియంలోని విషపూరిత రూపం, మాలిబ్డినం మాత్రం సూచిక పెరిగినపుడు మరింత కదులుతాయి. అంటే సున్నంతోపాటు కాడ్మియం తెచ్చిన పదార్థం మొదటి సంవత్సరాలలో హాని చూపదు. సున్నం తరిగి నేల మళ్ళీ ఆమ్లమైనపుడు ఆ కాడ్మియం పంటలోకి వస్తుంది. సున్నం కొన్నేళ్ళకు కరిగిపోతుంది గాని లోహం కరిగి ఎక్కడికీ పోదు. దున్నని పొలంలో అది పై ఐదు సెంటీమీటర్లలోనే, పాలకూర, కొత్తిమీర వేళ్ళు పారే చోటనే నిలిచి ఉంటుంది. నగరానికి ఆకుకూరలు పంపే శంషాబాద్ వైపు పొలాలకు ఈ సంగతి ముఖ్యం. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత సాగుభూమి తరిగి, మిగిలిన చెలకలు చాలావరకు ఇటువంటి పంటల మీదనే ఆధారపడినవి.

ప్రమాదకర వ్యర్థాల తరలింపు 2016 నాటి కేంద్ర నియమాలకు లోబడి ఉంటుంది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేనిదే వాటిని పొలాలలో వేయరాదు. ఉపఉత్పత్తిని తీసుకునే ముందు ఇచ్చేవారి నుంచి తటస్థీకరణ విలువ, తడి శాతం, సోడియం, సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ వివరాలు గల విశ్లేషణ పత్రం అడగవలెను. కర్మాగారం ముడిసరుకు మారినపుడల్లా ఉపఉత్పత్తి కూడా మారుతుంది కనుక పాత పత్రం కొత్త లోడుకు చెల్లదు. పత్రం ఇవ్వలేనివారి దగ్గర నుంచి తీసుకోవడం కంటే సిమెంటు గనుల ప్రాంతపు మామూలు సున్నపురాయి పొడిని కొనడం చవక.